రాత్రి రెండింటి దాకా ఫోన్‌లో గేమ్.. బాబుని ఎలా దారికి తెచ్చుకోవాలి?

ప్రశ్న: డాక్టర్ గారూ, మాది తిరుపతి, కొర్లగుంట. మా అబ్బాయికి పదిహేనేళ్లు, పదో తరగతి. చదువులో బాగానే ఉండేవాడు. ఈ ఏడాదే స్కూలు మార్పించాం. నాలుగు నెలలుగా బీజీఎంఐ అనే తుపాకుల ఆన్‌లైన్ గేమ్ పట్టుకున్నాడు. రాత్రి పదింటికి మొదలుపెడితే రెండవుతుంది. పొద్దున ఆరింటికి లేపితే మండిపడతాడు. బొటనవేలి దగ్గర నొప్పి అంటాడు, కళ్లు మంటలంటాడు, అద్దాల నంబరు కూడా పెరిగింది. పోయిన వారం ఫోన్ దాచిపెడితే కంచం విసిరేసి రెండు పూటలు అన్నం తినలేదు. వాళ్ల నాన్న ఫోన్‌లోంచి మూడు వేలు ఆ గేమ్‌లో ఏవో కొనడానికి వాడేశాడు. మా ఆయన కొండకు ట్యాక్సీ తోలతారు, రాత్రిళ్లు ఇంట్లో ఉండేది తక్కువ. పిలకాయకు పిచ్చి పట్టిందని చుట్టుపక్కల వాళ్లు అంటుంటే ఏడుపొస్తోంది. ఫోన్ పూర్తిగా తీసేయమంటారా?
- ఒక తల్లి, తిరుపతి

జవాబు: అమ్మా, మీ బాబుకి పిచ్చి పట్టలేదు. ఆ మాట వాడి చెవిన పడకుండా చూసుకోండి. ఇక మీ ఉత్తరంలో గేమ్ కంటే ముందు నాకు కనిపించింది నిద్ర. రెండింటికి పడుకుని ఆరింటికి లేస్తే నాలుగు గంటలు. ఆ వయసు పిల్లలకు కావలసింది ఎనిమిది నుంచి పది గంటలు. నాలుగు నెలలు ఇలా గడిపితే పెద్దవాళ్లమే మనుషుల్లా ఉండలేం. కోపం, విసుగు, తలనొప్పి, చదివింది గుర్తుండకపోవడం.. వీటిలో చాలా భాగం నిద్ర చాలకే వస్తుంది. పగలు చదివినదాన్ని మెదడు భద్రపరుచుకునేది రాత్రి నిద్రలోనే. అందుకే ఫోన్ తీసేయాలా వద్దా అన్నది పక్కన పెట్టి, ముందు నిద్రను వెనక్కి తెచ్చుకుందాం.

పద్నాలుగు, పదిహేనేళ్లు వచ్చేసరికి ఒంట్లో గడియారమే కాస్త వెనక్కి జరుగుతుంది. పిల్లలకు సహజంగానే రాత్రి ఆలస్యంగా నిద్రొస్తుంది. దానికి తోడు కళ్ల ముందు ఫోన్ వెలుతురు ఉంటే నిద్రకు సిద్ధం చేసే మెలటోనిన్ హార్మోన్ ఇంకా ఆలస్యమవుతుంది. వెలుతురు ఒక ఎత్తు, ఆట వేడి ఒక ఎత్తు. అందరూ ఓడిపోయి చివరికి మిగిలిన నలుగురిలో తానూ ఉన్నప్పుడు గుండె దడదడా కొట్టుకుంటుంది. మ్యాచ్ అయిపోగానే ఆ దడ ఆగదు. లైటు తీసి పడుకున్నా మనసు ఇంకా ఆటలోనే ఉంటుంది.

కంచం విసిరిన రోజు సంగతి కూడా కాస్త లోపలికి వెళ్లి చూడాలి. ఈ గేమ్‌లో ఒక మ్యాచ్ సుమారు అరగంట సాగుతుంది. నలుగురు కలిసి స్క్వాడ్‌గా ఆడతారు. మధ్యలో ఒకడు వెళ్లిపోతే మిగతా ముగ్గురూ ఓడిపోతారు, వీడి ర్యాంక్ పడిపోతుంది, మరునాడు వాళ్ల చేత తిట్లు తింటాడు. మనం అన్నం పెట్టి పిలిస్తే ‘ఒక్క నిమిషం’ అంటాడే, వాడి దృష్టిలో అది అబద్ధం కాదు. కాబట్టి ‘గంటే ఆడాలి’ అని గడియారం పెట్టకండి, ‘రెండు మ్యాచ్‌లు’ అని మాట్లాడుకోండి. సగంలో లాక్కునే గొడవ సగం తగ్గుతుంది. చాలా ఇళ్లలో ఈ చిన్న మార్పు పనిచేయడం నేను చూశాను.

ఇంకో మాట. స్కూలు మార్పించాం అని ఒక్క వాక్యం రాసి వదిలేశారు. నాకు అసలు సంగతి అక్కడుందేమో అనిపిస్తోంది. కొత్త స్కూల్లో ఆడుకోవడానికి గ్రౌండ్ ఉందా? పాత స్నేహితులు ఎంతమంది మిగిలారు? మన ఊళ్లో అపార్ట్‌మెంట్‌లాంటి భవనాల్లో నడిచే స్కూళ్లు చాలా ఉన్నాయి. పొద్దున ఏడింటికి వెళ్లిన పిలకాయలు స్టడీ అవర్లు ముగించుకుని చీకటి పడ్డాక వస్తారు. పగలంతా మార్కుల్లో వెనకబడ్డావని వినే పిల్లవాడికి రాత్రి స్నేహితులతో గెలిచే చోటు అదొక్కటే అయితే, దాన్ని ఎలా వదులుతాడు? ఇది రాస్తుంటే నాకు బాధగానే ఉంది. మన పిల్లలకు సాయంత్రాలు లేకుండా చేసింది మనమే.

ఇక శరీరం సంగతి. కళ్ల మంటకు కారణం రెప్పలు కొట్టకపోవడం. మామూలుగా నిమిషానికి పదిహేను సార్లదాకా కొట్టుకునే రెప్ప, స్క్రీన్ చూసేటప్పుడు సగానికి, అంతకన్నా తక్కువకు పడిపోతుంది. కన్ను పొడిబారుతుంది. ఇరవై నిమిషాలకోసారి ఇరవై అడుగుల దూరంలో ఉన్నదాన్ని ఇరవై సెకన్లు చూడమనండి. గదిలో లైటు ఆర్పేసి ఆడనివ్వకండి. అద్దాల నంబరు పెరగడానికి దగ్గరి చూపు పని ఒక కారణమైతే, పగటి వెలుగులో ఉండకపోవడం ఇంకో కారణం. రోజుకు రెండు గంటలు ఆరుబయట గడిపే పిల్లల్లో హ్రస్వదృష్టి, అంటే దూరంగా ఉన్నవి మసకగా కనిపించడం, తక్కువగా వస్తుంది. వెలుగుకు మనకు కరువు లేదు, ఎండ ముదరక ముందూ చల్లబడ్డాకా చాలు. కంటి డాక్టరు దగ్గర ఆరు నెలలకోసారి నంబరు చూపించండి.

బొటనవేలి నొప్పికి ఇంట్లోనే ఒక పరీక్ష ఉంది. బొటనవేలిని లోపల పెట్టి పిడికిలి బిగించి, మణికట్టును మెల్లగా చిటికెన వేలి వైపు వంచమనండి. బొటనవేలి మొదట్లో చురుక్కుమంటే అక్కడి నరంలాంటి కండర తాళ్లు వాచాయని అర్థం. రెండు వారాలు ఆ వేలికి విశ్రాంతి, చల్లటి కాపడం. తగ్గకపోయినా, వేళ్లు తిమ్మిరెక్కుతున్నా ఎముకల డాక్టరుకు చూపించండి. ఆడుతుండగా చేతులు అదిరినా, శూన్యంలోకి చూస్తూ పలక్కపోయినా ఆలస్యం చేయకండి. మెరిసే వెలుతురుకు కొద్దిమందికి మూర్ఛ వస్తుంది, నరాల డాక్టరు చూడాలి.

గేమ్‌లన్నీ చెడ్డవని నేను అనను. 2007లో అమెరికాలో వచ్చిన ఒక అధ్యయనంలో వారానికి మూడు గంటలకు మించి వీడియో గేమ్‌లు ఆడిన అలవాటున్న సర్జన్లు లాప్రోస్కోపీ (చిన్న రంధ్రాల్లోంచి కెమెరాతో చేసే ఆపరేషన్) శిక్షణ పరీక్షల్లో 37 శాతం తక్కువ తప్పులు చేశారు. ఆడినందుకే చేయి తిరిగిందా, చేయి తిరిగినవాళ్లే ఆడారా అన్నది అది తేల్చదు. కానీ వారానికి మూడు గంటలకు, రాత్రికి నాలుగు గంటలకు ఉన్న తేడా చూడండి.

ఇది జబ్బేనా అంటే, ‘గేమింగ్ డిజార్డర్’ను ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితాలో చేర్చింది, 2022 జనవరి నుంచి అమల్లోకి వచ్చింది. ఆటను అదుపు చేసుకోలేకపోవడం, మిగతా పనులన్నిటికన్నా అదే ముఖ్యమైపోవడం, నష్టం కనిపిస్తున్నా ఆపలేకపోవడం.. ఈ మూడూ ఉండి, చదువూ ఇల్లూ దెబ్బతింటూ, మామూలుగా ఏడాదిపాటు సాగితే ఆ పేరు పెడతాం. లక్షణాలు మరీ తీవ్రంగా ఉంటే అంతకంటే ముందే పెట్టొచ్చు. మీ బాబుకి నాలుగు నెలలే. ఇప్పుడే ఆ ముద్ర వేయను, అలాగని తేలిగ్గానూ తీసుకోను.

డబ్బు విషయం మాత్రం మెత్తగా వదలకండి. తుపాకులకు రంగులు, బట్టలు కొనుక్కోవడానికే ఆ మూడు వేలు పోయి ఉంటాయి. గేమ్‌లో ఏం కొన్నాడో వాడి పక్కన కూర్చుని చూడండి. పందెం కాసే ఆటలైతే అది వేరే ప్రమాదం. 2025 ఆగస్టులో వచ్చిన కేంద్ర చట్టం డబ్బులు పందెం పెట్టి ఆడే ఆన్‌లైన్ గేమ్‌లను నిషేధించింది. వాళ్ల నాన్న ఫోన్‌లో యూపీఐ పిన్ ఈ రోజే మార్చేయండి. గేమ్ ఖాతాలో వయసు ఎంత వేశాడో కూడా చూడండి. పద్దెనిమిది లోపు వాళ్లకు ఆట సమయం మీద అందులోనే పరిమితి పెట్టారు, పిల్లలు పెద్దవాళ్ల వయసు వేసి దాన్ని దాటేస్తారు.

ఇప్పుడు చేయాల్సింది. ఆడే సమయాన్ని రాత్రి నుంచి సాయంత్రానికి జరపండి. స్కూలు నుంచి వచ్చి తిన్నాక రెండు మ్యాచ్‌లు. పడుకునే టైమును మూడు నాలుగు రోజులకు అరగంట చొప్పున ముందుకు తెండి, ఒక్కసారిగా తొమ్మిదిన్నరకు పడుకోమంటే పడుకోలేడు. రాత్రి ఫోన్లన్నీ వంటింట్లో చార్జింగ్‌కి పెట్టాలి, మీదీ మీ ఆయనదీ కూడా. మీ చేతిలో ఫోన్ ఉండి వాడిది లాక్కుంటే వినడు. మొదటి రెండు వారాలు చిరాకు పెరుగుతుంది, అప్పుడు వెనక్కి తగ్గకండి. కోపంలో గేమ్ ఖాతా డిలీట్ చేయకండి. ఏడాది కష్టం పోయినట్టు ఏడుస్తారు పిల్లలు, మళ్లీ మనల్ని నమ్మరు.

మీ ఆయనకు ఒక పని చెప్పండి. రోజూ ఘాట్ రోడ్డు ఎక్కి దిగే మనిషి, సెలవు దొరికిన రోజు పొద్దున్నే కొడుకుని తీసుకుని శ్రీవారి మెట్టు ఎక్కమనండి. 2,388 మెట్లు. దారిలో చదువు మాట ఎత్తవద్దు, గేమ్ గురించి అడగమనండి, వాడే చెప్తాడు.

ఒక్క విషయంలో మాత్రం ఎదురు చూడకండి. చచ్చిపోతానని అన్నా, చేయి కోసుకున్నా, బతికి ఏం లాభమని రాసినా అది బెదిరింపు అనుకోవద్దు. అన్నం మానేసి గదిలోనే ఉండిపోవడం వారాల తరబడి సాగినా అంతే. వెంటనే రుయా ఆసుపత్రి మానసిక వైద్య విభాగానికి తీసుకెళ్లండి. ఏ రాత్రయినా ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కు ఫోన్ చేయొచ్చు, ఉచితం, తెలుగులో మాట్లాడతారు.

నెల రోజులు వాడు పడుకున్న టైము, లేచిన టైము ఒక కాగితం మీద రాసిపెట్టండి. మార్పు లేకపోతే ఆ కాగితం తీసుకుని మానసిక వైద్యుడి దగ్గరికి వెళ్లండి. వాడు రానంటే బలవంతం వద్దు. మొదటిసారి మీ ఇద్దరే వెళ్లినా చాలు.