లోపల పోసింది ఏమిటో ముందు తేలాలి

ప్రశ్న: డాక్టరు గారూ, నాకు 32 ఏళ్లు. మాది విజయవాడ. బాగా సన్నబడిపోయాను, చీర కడితే నిండుగా ఉండట్లేదని కిందటేడాది ఇక్కడే ఒక బ్యూటీ క్లినిక్‌లో పిరుదులకి ఫిల్లర్ ఇంజెక్షన్లు చేయించుకున్నాను. 'ఇది జెల్ అండీ, ఏడాదిన్నరకి దానంతటదే కరిగిపోతుంది, కోతా లేదు కుట్లూ లేవు' అన్నారు. రెండు వైపులా కలిపి 60 వేలు తీసుకున్నారు. కొన్ని నెలలు బాగానే ఉంది. ఇప్పుడు ఎడమవైపు గడ్డలు కట్టి, చర్మం ఎర్రగా, వేడిగా అయిపోయి, స్కూటీ మీద కూర్చోలేకపోతున్నాను. ఒక గడ్డయితే తొడ మీదికి దిగింది. వాళ్లిచ్చిన యాంటీబయాటిక్ ఐదు రోజులు వాడితే తగ్గినట్టే తగ్గి మళ్లీ మొదలైంది. ఇప్పుడేమో 'చిన్న ఆపరేషన్ చేసి మొత్తం తీసేస్తాం, సాయంత్రానికి ఇంటికెళ్లిపోవచ్చు' అంటున్నారు. మావారికి ఈ సంగతి తెలీదు. చేయించుకోమంటారా? మళ్లీ మునుపటిలా అవుతుందా?
– పేరు వేయొద్దండి, విజయవాడ

జవాబు: అక్కడ మాత్రం చేయించుకోకండి. ఇంకెక్కడా కూడా అప్పుడే సంతకం పెట్టకండి. మీ ఉత్తరంలో గడ్డల కంటే నన్ను ఎక్కువ కంగారు పెట్టింది ఆ 'మొత్తం తీసేస్తాం' అన్న మాట.

ఒక చిన్న లెక్క వేద్దాం. కరిగిపోయే ఫిల్లర్ అని అందరూ చెప్పేది హయలురోనిక్ యాసిడ్ గురించి. ముఖానికి వాడేది మామూలుగా ఒక్కో మిల్లీలీటరు సిరంజిలో వస్తుంది, పేరున్న కంపెనీదైతే సిరంజికి 20 వేలకు అటూ ఇటూగా తీసుకుంటారు. పిరుదుల ఆకారం కంటికి తెలిసేలా మారాలంటే ఐదూ పదీ మిల్లీలీటర్లు ఏ మూలకూ చాలవు, వందల్లో కావాలి. మీరిచ్చిన 60 వేలకి అలాంటి సిరంజిలు మూడొస్తాయి. మరి అంత నిండుగా కనిపించేలా మీకు పోసింది ఏమిటి? ఇలాంటి కేసుల్లో తర్వాత బయటపడేవి ఎక్కువగా ద్రవ సిలికాన్, పాలీఎక్రిలమైడ్ జెల్, పీఎంఎంఏ అనే సన్నటి ప్లాస్టిక్ పూసలు. ఈ మూడూ కరగవు. పాలీఎక్రిలమైడ్ జెల్‌ని చైనా 2006లోనే నిషేధించింది. ఒంటి ఆకారం కోసం సిలికాన్ ఇంజెక్షన్లు చేయించుకోవద్దని అమెరికాలో మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2017లో గట్టిగా హెచ్చరించింది. పిరుదులు పెంచడానికైతే వాళ్లు ఏ ఫిల్లర్‌కీ అనుమతివ్వలేదు.

అందుకే మీరు ముందు చేయాల్సింది ఆపరేషన్ కాదు. ఆ క్లినిక్‌కి వెళ్లి మీ కేసు షీటు, వాడిన మందు పేరు, డబ్బా మీది స్టిక్కరు, లాట్ నంబరు రాతపూర్వకంగా అడగండి. అడిగిన 72 గంటల్లో రికార్డులివ్వాలని డాక్టర్ల నియమావళిలోనే ఉంది. వాట్సాప్‌లో మాట్లాడుకున్నవి, డబ్బు కట్టిన ఫోన్‌పే మెసేజీలు దేన్నీ డిలీట్ చేయకండి. వాళ్లు 'డబ్బాలు పారేశాం మేడమ్' అంటే, అసలు ఏం వాడారో చెప్పుకోలేని పరిస్థితిలో ఉన్నారని అనుకోవచ్చు. ఇంజెక్షన్ ఇచ్చింది ఎవరు, ఆయనకో ఆవిడకో మెడికల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ ఉందా అన్నది కూడా కనుక్కోండి.

తర్వాత ప్లాస్టిక్ సర్జన్. ఎంసీహెచ్ గానీ డీఎన్‌బీ గానీ డిగ్రీ ప్లాస్టిక్ సర్జరీలో చేసినవాళ్లు, 'కాస్మెటాలజీ' అని బోర్డు మీద రాసుకున్నవాళ్లందరూ కాదు. మీకు మంగళగిరి ఎయిమ్స్ దగ్గరే, అక్కడ ప్లాస్టిక్ సర్జరీ విభాగం ఉంది. గుంటూరు జీజీహెచ్‌లోనూ ఉంది. ప్రైవేటులో చూపించుకుంటానన్నా మంచిదే, కాకపోతే ఆ ఆస్పత్రిలో ఐసీయూ, బ్లడ్ బ్యాంకు అందుబాటు ఉండాలి. బ్యూటీ పార్లర్ వెనక గదిలో చేసే పని కాదిది.

అక్కడ ఎమ్మారై తీస్తారు. లోపలిది ఎంత మేర పాకింది, కొవ్వులోనే ఉందా, కండలోకి దిగిందా అన్నది అందులో తెలుస్తుంది. మీ తొడ మీది గడ్డ కొత్తది అయ్యుండదు, పైనుంచి జారిందే అయ్యుండొచ్చు, ద్రవ సిలికాన్ అలాగే కిందికి దిగుతుంది. చీము ఉంటే సూదితో తీసి, ఏ క్రిమో తేల్చే కల్చర్ పరీక్షకి పంపాలి, అందులో మామూలు క్రిములకే కాకుండా క్షయ జాతికి చెందిన ఇతర మైకోబ్యాక్టీరియాకి కూడా పరీక్ష చేయమని అడగండి, దానికి వారాలు పడుతుంది, ఓపిక పట్టాల్సిందే. ఐదు రోజుల బిళ్లలకి తగ్గి మళ్లీ రావడానికి ఒక కారణం ఇదే కావచ్చు. ఇంకొకటి, క్రిములు ఆ పదార్థం చుట్టూ పాచిలా పట్టుకుని ఉంటే మందు లోపలికి చేరదు. రక్తపరీక్షల్లో కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్‌తో పాటు కాల్షియం కూడా చూడమనండి. సిలికాన్ చుట్టూ కట్టే గడ్డల వల్ల కొందరిలో రక్తంలో కాల్షియం పెరిగి కిడ్నీల దాకా వెళ్తుంది, చాలామంది ఆ వైపు చూడనే చూడరు.

ఇక ఆపరేషన్ సంగతి. ద్రవ సిలికాన్ ఒకచోట సంచిలో ఉన్నట్టు ఉండదు. సన్నటి చుక్కలుగా చీలిపోయి కొవ్వు పొరల మధ్య కలిసిపోతుంది, ఒళ్లు దాని చుట్టూ గట్టి మచ్చ కణజాలం కట్టేస్తుంది. ఇసుక కలిసిన బియ్యంలోంచి ఇసుకొక్కటే ఏరలేనట్టే, దాన్నొక్కదాన్నే తీయడం కుదరదు. దానితో పాటు కొవ్వు, అవసరమైతే చర్మం, కొంత కండ కూడా పోతాయి. లైపోసక్షన్‌తో లాగేస్తాం అనేవాళ్లుంటారు, కొంత వస్తుంది, గట్టిపడ్డది రాదు. పాలీఎక్రిలమైడ్ జెల్ అయితే కాస్త నయం, గుంటగా చేరిన చోట కోసి కడిగితే చాలావరకు వస్తుంది, అయినా కొంత మిగులుతుంది. తీసిన చోట పడ్డ లోతుని పక్కనుంచి చర్మమూ కొవ్వూ తిప్పి ఫ్లాప్‌తో పూడ్చాలి, ఒక్కోసారి తొడ చర్మం తెచ్చి అతకాలి. అడుగున కాలికి వెళ్లే సయాటిక్ నరం ఉంటుంది, దాని దగ్గర తొందరపడకూడదు. ఒక్కసారితో అయిపోతుందని అనుకోకండి, ముందు ఇన్ఫెక్షన్ అదుపు చేసి, ఆ తర్వాత విడతలుగా చేస్తారు. డ్రెయిన్ గొట్టాలు, బోర్లా పడుకోవడం, బిగుతు గార్మెంటు, ఇవన్నీ ఉంటాయి. సాయంత్రానికి ఇంటికెళ్లే వ్యవహారమైతే కాదు.

మునుపటిలా అవుతుందా అన్నారు. అవదండి. మచ్చ ఉంటుంది, రెండు వైపులూ ఒకేలా రాకపోవచ్చు. ఆపరేషన్ మొదటి లక్ష్యం మీరు నొప్పి లేకుండా కూర్చోవడం, చీము ఆగడం. ఆకారం దాని తర్వాత. అంతా నెమ్మదించి నెలలు గడిచాక, కావాలంటే మీ ఒంటి కొవ్వే తీసి సర్దుబాటు చేయవచ్చేమో అప్పుడు ఆలోచిస్తారు. నేనైతే సర్జన్ని ఒక్క ప్రశ్న అడగమంటాను: 'ఎంత మిగిలిపోతుంది?' దానికి సూటిగా జవాబు చెప్పినాయన దగ్గర చేయించుకోండి. ఎమ్మారై చూశాక, కుడివైపు నొప్పీ వాపూ లేకపోతే దాన్ని కదపొద్దు అని చెప్పినా ఆశ్చర్యపోకండి, అది నిర్లక్ష్యం కాదు.

ఈలోపు మర్దనాలు, వేడి కాపడాలు, పట్లు వద్దు. 'కరిగించే ఇంజెక్షన్' అంటూ అదే క్లినిక్‌లో ఇంకోటి అసలే వద్దు. అది స్టిరాయిడే కావచ్చు, ఇన్ఫెక్షన్ ఉండగా స్టిరాయిడ్ వేస్తే పైకి చల్లారినట్టుండి లోపల ముదురుతుంది. చలిజ్వరం వచ్చినా, చర్మం నల్లబడినా, ఆయాసం వచ్చినా ఆ రోజే క్యాజువాలిటీకి వెళ్లిపోండి.

మీవారికి చెప్పండి. రెండు వారాలు బోర్లా పడుకునే మనిషి ఇంట్లో ఏదో దాచడం ఎలాగూ కుదరదు, డ్రెయిన్ గొట్టం చూసేవాళ్లు ఒకరుండాలి. ముందు మీ అమ్మగారికో అక్కకో చెప్పి వాళ్లని పక్కన పెట్టుకుని చెప్పినా తప్పులేదు. మత్తు డాక్టరు దగ్గర మాత్రం ఏదీ దాచకండి.

ప్రశ్న: మా అమ్మాయి కళ్ల కింద గుంటలకి ఫిల్లర్ వేయించుకుంది, చర్మ వ్యాధుల డాక్టరు దగ్గరే. ఒకవైపు చిన్న ఉండలా తగులుతోంది. పెళ్లిచూపులు దగ్గర పడుతున్నాయి. కోసి తీయాలా?
– ఒక అమ్మ, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: కోత దాకా ఎందుకమ్మా. డాక్టరే వేశారు కాబట్టి మందు పేరు ఫైల్లో ఉంటుంది. హయలురోనిక్ యాసిడ్ అయితే హయలురోనిడేజ్ అనే ఎంజైమ్ ఇంజెక్షన్‌తో కరుగుతుంది, ఒకట్రెండు రోజుల్లో తేడా తెలుస్తుంది, అవసరమైతే ఇంకోసారి వేస్తారు. అమ్మాయికి తేనెటీగ, కందిరీగ కుడితే ఒళ్లంతా దద్దుర్లు వచ్చిన చరిత్ర ఉంటే ముందే చెప్పాలి, ఈ ఎంజైమ్ కూడా పడకపోవచ్చు. ఇదంతా నిదానంగా చేయించుకునేది. ఫిల్లర్ వేసిన వెంటనే గానీ ఆ గంటల్లో గానీ తీవ్రమైన నొప్పితో చర్మం తెల్లగా పాలిపోవడం, నీలం చారలు రావడం, చూపు మసకబారడం జరిగితే మాత్రం అది రక్తనాళం మూసుకుపోయిందన్న సూచన, అక్కడ నిమిషాలు ముఖ్యం. పెళ్లిచూపులు ఒక వారం వెనక్కి జరిగితే ఏం మునిగిపోదు.

ప్రశ్న: మా చెల్లికి ఇలాగే ఫిల్లర్ వికటించి పెద్ద ఆపరేషన్ అన్నారు. హెల్త్ పాలసీ ఉంది కానీ 'కాస్మెటిక్, రాదు' అంటున్నాడు ఏజెంటు. కేసు వేయొచ్చా?
– ఒక అన్నయ్య, పటమట

జవాబు: ఏజెంటు సగమే చెప్పాడు. కాస్మెటిక్ సర్జరీని పాలసీలు మినహాయిస్తాయి, నిజమే. కానీ ఆ షరతు కిందే, ఆరోగ్యానికి నేరుగా, తక్షణం ఉన్న ప్రమాదాన్ని తొలగించే అవసరమైన చికిత్సకి, వైద్యం చేస్తున్న డాక్టరు సర్టిఫై చేస్తే, సడలింపు ఉంది. తప్పకుండా ఇస్తారని నేను హామీ ఇవ్వను, చికిత్స దేనివల్ల అవసరమైందో చూసి పేచీ పెడతారు. ఇన్ఫెక్షన్, చీము, కణజాలం చచ్చిపోవడం లాంటివి డాక్టరు రిపోర్టులో స్పష్టంగా ఉండాలి. ముందస్తు అనుమతికి పంపండి, కాదంటే కారణం రాతపూర్వకంగా తీసుకోండి.

కేసు వేయొచ్చు. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో రెండేళ్ల గడువు ఉంటుంది, ఆలస్యం చేయకండి. ఇచ్చింది డాక్టరైతే ఆంధ్రప్రదేశ్ మెడికల్ కౌన్సిల్‌కి ఫిర్యాదు. డాక్టరే కాకపోతే జిల్లా వైద్యాధికారి డీఎంహెచ్ఓకి, పోలీసులకి ఇవ్వండి, అర్హత లేకుండా వైద్యం చేస్తే 2019 నాటి జాతీయ వైద్య కమిషన్ చట్టం ప్రకారం ఏడాది దాకా జైలు, 5 లక్షల దాకా జరిమానా ఉన్నాయి. ఆపరేషన్‌లో తీసిన ముక్కని బయాప్సీకి పంపమని సర్జన్‌కి ముందే చెప్పండి. లోపల ఏముందో చెప్పే ఆ రిపోర్టు చెల్లి వైద్యానికీ కావాలి, మీ కేసుకీ కావాలి.

ప్రశ్న: ఇంప్లాంట్ అంటే భయం. రొమ్ములకి ఫిల్లర్ వేయించుకోవచ్చా?
– తెనాలి

జవాబు: వద్దు. హయలురోనిక్ యాసిడ్‌తోనే చేసిన మాక్రోలేన్ అనే ఫిల్లర్‌ని బ్రిటన్‌లో రొమ్ములకి వాడేవాళ్లు. మామోగ్రామ్, అంటే రొమ్ము ఎక్స్‌రే, చదవడానికి అడ్డం వస్తోందని 2012లో ఆ వాడకం మానేశారు. ఫిల్లర్ గడ్డ ఏదో, క్యాన్సర్ గడ్డ ఏదో తేల్చుకోవడం కష్టమవుతుంది. ఇప్పటికే వేయించుకుని ఉంటే మామోగ్రామ్‌కి వెళ్లినప్పుడు ఆ సంగతి టెక్నీషియన్‌కి ముందే చెప్పండి, అల్ట్రాసౌండ్, ఎమ్మారై కూడా అవసరం పడొచ్చు.