ఓడ ఆగిన ఒక్కరోజు గురించి రాసేటప్పుడు

చిరంజీవికి,

నీ బ్యాంకాక్ వ్యాసం చదివాను. వాక్యం హాయిగా నడుస్తోంది. కానీ చదివేవాళ్లకు ముందు తెలియాల్సిన సంగతే అందులో లేదు. మీ ఓడ ఆగింది బ్యాంకాక్‌లో కాదు, లేమ్ చబాంగ్ రేవులో. అక్కణ్ణించి ఊళ్లోకి సుమారు 130 కిలోమీటర్లు, బస్సులో రెండు గంటలు.

ఆ లెక్క మొదటి పేరాలోనే పెట్టు. ఉదయం ఏడింటికి ఓడ రేవుకొస్తే, దిగి బస్సెక్కేసరికి ఎనిమిదిన్నర, ఊరు చేరేసరికి పదిన్నర. సాయంత్రం ఆరింటికల్లా ఓడెక్కాలంటే మూడింటికే బయల్దేరాలి, ఎందుకంటే ట్రాఫిక్ పట్టుకుంటే ఆ రెండు గంటలు మూడవుతాయి. మిగిలేవి నాలుగున్నర గంటలు, భోజనం కూడా అందులోనే. ఓడవాళ్ల టూరు బస్సు ఆలస్యమైతే మామూలుగా ఓడ ఆగుతుంది. సొంతంగా టాక్సీ మాట్లాడుకున్నవాళ్ల కోసం ఆగదు. ఖర్చు గురించి రాసేముందు ఈ తేడా చెప్పు. సింగపూర్ నుంచి వచ్చే ఓడల్లో గడియారం అక్కడి టైముకే ఉండిపోవచ్చు, అది థాయ్ టైముకన్నా గంట ముందుంటుంది. తిరిగి ఎక్కాల్సిన వేళ ఏ గడియారం ప్రకారమో దిగేముందే అడిగి తెలుసుకోమని రాయి.

ఇక నీ జాబితాలోని మాల్స్, తేలే సంత కొట్టెయ్యి. గ్రాండ్ ప్యాలెస్‌కు రెండు గంటలు, దగ్గర్లోని వాట్ ఫో గుడిలో 46 మీటర్ల శయన బుద్ధుడికి ముప్పావుగంట, టైముంటే తా తియన్ రేవులో పడవెక్కి నది అవతలి ఒడ్డున వాట్ అరుణ్ గుడి. ఒక్కరోజుకు అంతే. భుజాలు, మోకాళ్లు కప్పే బట్టలు లేకపోతే ప్యాలెస్ గేటు దగ్గరే ఆపేస్తారు. గేటు బయట ఎవరైనా మర్యాదగా వచ్చి "ఈ పూట మూసేశారు, వేరే గుడి చూపిస్తా" అంటే నమ్మొద్దని రాయి. వాళ్లు ఎక్కించే టుక్‌టుక్ (అక్కడి ఆటో) చివరికి రత్నాల కొట్టు ముందు ఆగుతుంది, నీ నాలుగున్నర గంటల్లో ఒకటి పోతుంది.

ప్యాలెస్ ఆవరణలోని గుడిలో మరకత బుద్ధుడి దగ్గర నువ్వు "మహాద్భుతం" అని ఆగిపోయావు. విగ్రహం ఎత్తు 66 సెంటీమీటర్లే, అదీ చాలా ఎత్తైన పీఠం మీద. లోపల ఫోటోలు తీయనివ్వరు కాబట్టి కళ్లతోనే చూసి గుర్తుంచుకోవాలి. ఎండ, వాన, చలికాలాలకు వేర్వేరు బంగారు వస్త్రాలుంటాయి, వాటిని మార్చేది రాజు. ఆ రోజు ఏ వస్త్రం ఉందో రాస్తే చాలు, నువ్వు వెళ్లిన కాలం దానంతటదే తెలిసిపోతుంది.

అన్నిటికన్నా నాకు బాధేసింది, ఆ గుడి చుట్టూ ఉన్న వసారా గోడల్ని ఒక్క వాక్యంతో దాటెయ్యడం. 178 చిత్రాల్లో రామకియెన్ మొత్తం అక్కడుంది, థాయ్‌వాళ్ల రామాయణం. తెలుగువాడు ఇతరులకన్నా ఎక్కువ చూడగలిగిన చోటు అది. రామలక్ష్మణుల్ని పాతాళానికి ఎత్తుకుపోయే మైరావణుడి కథే తీసుకో. మన దగ్గర హనుమంతుడు తోకను కోటలా చుట్టి రామలక్ష్మణులకు కాపలా కాస్తాడు. అక్కడి గోడమీద తెల్లటి హనుమంతుడు కొండంత పెరిగి, రాముడి విడిదినే నోట్లో పెట్టుకుని కూర్చుంటాడు. మన మత్స్యవల్లభుడికి సాటివాడు అక్కడా ఉన్నాడు, పేరు మచ్చాను. కాకపోతే హనుమంతుడి చెమటచుక్క మింగిన చేపకు పుట్టినవాడు కాదు, రావణుడి కూతురైన మత్స్యకన్యకు, హనుమంతుడికి పుట్టిన కొడుకు. మన బ్రహ్మచారికి అక్కడ సంసారం ఉంది! ఆ ఒక్క చిత్రం ముందు పావుగంట నిలబడి రంగులు, బంగారు రేకు, కాపలావాళ్ల ముఖాలు రాసుకుంటే నీ వ్యాసంలో సగం తయారైనట్టే.

తిరుగు బస్సులో నిద్రపోకు. రెండు గంటలుంటాయి, చూసిన వరసలోనే నోట్సు రాసెయ్యి, ఓడెక్కి భోజనానికి కూర్చుంటే గోడలన్నీ కలిసిపోతాయి. ప్యాలెస్ టికెట్టు విదేశీయులకు 500 బాత్ అని రాశావు, పక్కన నెల, ఏడాది కూడా వెయ్యి. రేట్లు మారతాయి. ఈసారి వసారాతో మొదలుపెట్టి మళ్లీ రాసి పంపు.

ఆశీస్సులతో