చదువు - సందేహాలు: కెమిస్ట్రీ మేజర్‌కు ఏమేమి పూర్తి చేయాలి?

ప్రశ్న: మా అమ్మాయి ఈ ఏడాది ఇంటర్ బైపీసీ పూర్తి చేసింది. బీఎస్సీ ఆనర్స్‌లో కెమిస్ట్రీ మేజర్ తీసుకుంటానంటోంది. పట్టా రావాలంటే మొత్తం ఎన్ని క్రెడిట్లు కావాలి? అందులో కెమిస్ట్రీ ఎంత? ఇంటర్‌లో లెక్కలు చదవని పిల్లకు ముందు ముందు ఇబ్బంది ఉంటుందా?
- ఒక తల్లి, కాకినాడ

జవాబు: ఆంధ్రప్రదేశ్‌లో 2023-24 నుంచి డిగ్రీలో ఒకే మేజర్ (ప్రధాన సబ్జెక్టు) పద్ధతి వచ్చింది కనుక, ఎంపీసీ, బీజెడ్‌సీ అంటూ మూడు సబ్జెక్టులను సమానంగా చదివిన వెనకటి అనుభవంతో దీన్ని అంచనా వేయడం కుదరదు. యూజీసీ 2022 డిసెంబరులో ప్రకటించిన విధానం ప్రకారం మూడేళ్ల డిగ్రీకి కనీసం 120, నాలుగేళ్ల ఆనర్స్‌కు కనీసం 160 క్రెడిట్లు కావాలి. వీటిలో మేజర్‌కు మూడేళ్లలో 60, నాలుగేళ్లలో 80 తగ్గకూడదు. మైనర్‌కు, అంటే దానికి తోడుగా చదివే రెండో సబ్జెక్టుకు, వరుసగా 24, 32 ఉండాలి. మిగిలినవి ఇతర విభాగాల కోర్సులు, భాషలు, నైపుణ్య కోర్సులు, ఇంటర్న్‌షిప్ వంటివి. మొదటి ఆరు సెమిస్టర్లలో 75 శాతం మార్కులు తెచ్చుకున్నవారు నాలుగో ఏట 12 క్రెడిట్ల పరిశోధన ప్రాజెక్టు చేయవచ్చు. చేయనివారు ఆ స్థానంలో మరికొన్ని కోర్సులు చదవాలి. విశ్వవిద్యాలయాన్ని బట్టి ఈ అంకెలు కొంత అటూ ఇటూ అవుతాయి కాబట్టి, చేరే కాలేజీ సిలబస్‌ను ఒకసారి పూర్తిగా చదివి చూడండి.

ఇక మీ అసలు సందేహానికి వద్దాం. మేజర్‌లో ఏమి చదవాలో విశ్వవిద్యాలయమే నిర్ణయిస్తుంది. అకర్బన, కర్బన, భౌతిక, విశ్లేషణ రసాయన శాస్త్రాలు ఎలాగూ ఉంటాయి. విద్యార్థి చేతిలో ఉండేది మైనర్ ఎంపిక. చాలామంది దాన్ని స్నేహితురాలు తీసుకుందనో, మార్కులు సులువుగా వస్తాయనో ఎంచుకుంటారు. నా దృష్టిలో కెమిస్ట్రీ విద్యార్థి చేయగల పెద్ద పొరపాటు అదే. ఎందుకంటే కెమిస్ట్రీకి గణితం తోడు కావాలి: భౌతిక రసాయన శాస్త్రానికి వచ్చేసరికి చర్య వేగ సమీకరణాన్ని సమాకలనం (ఇంటిగ్రేషన్) చేయాలి, ఉష్ణగతిక శాస్త్రంలో పాక్షిక అవకలనాలు (పార్షియల్ డెరివేటివ్‌లు) వస్తాయి, క్వాంటం రసాయన శాస్త్రం ష్రోడింగర్ అవకలన సమీకరణంతోనే మొదలవుతుంది. వీటిని బట్టీ పట్టి పరీక్ష గట్టెక్కవచ్చు గానీ, ఎం.ఎస్సీ ప్రవేశ పరీక్షలో ఆ బట్టీ నిలవదు. ఐఐటీల జామ్ పరీక్ష కెమిస్ట్రీ సిలబస్‌లో సమాకలనాలు, అవకలన సమీకరణాలు, మాత్రికలు, సంభావ్యత వంటి గణితాంశాలు పేర్లతో సహా ఉన్నాయి. పైగా కొన్ని సంస్థలు ఇంటర్‌లోనో డిగ్రీలోనో గణితం చదివి ఉండాలని షరతు పెడతాయి.

అలాగని మీ అమ్మాయి వెనకడుగు వేయనక్కరలేదు. బైపీసీ వారికి గణితం మైనర్‌గా ఇవ్వడానికి కాలేజీ ఒప్పుకోకపోతే, ఫిజిక్స్ మైనర్ అడగండి. అదీ వీలుకాకపోతే యూజీసీ విధానంలోనే మరో దారి ఉంది: ఇతర విభాగాల కోర్సులకు కేటాయించిన 9 క్రెడిట్లలో గణితం, గణాంక శాస్త్రం కూడా ఒక వర్గం. ఇంటర్‌లో చదివినదాన్నే అక్కడ మళ్ళీ తీసుకోరాదన్నది నియమం కాబట్టి, లెక్కలు చదవని బైపీసీ విద్యార్థికి అది అడ్డు కాదు. కాలేజీలో ఆ కోర్సు నిజంగా నడుస్తోందా అన్నది మాత్రం చేరకముందే విచారించాలి.

ప్రయోగశాల గురించి మీరు అడగలేదు గానీ చెప్పక తప్పదు. థియరీలో ఒక క్రెడిట్ అంటే వారానికి ఒక గంట తరగతి. ల్యాబ్‌లో ఒక క్రెడిట్‌కు వారానికి రెండు గంటలు పని చేయాలి. సీనియర్ల రికార్డు చూసి అంకెలతో సహా ఎక్కించుకునే అలవాటు మన కాలేజీల్లో ఎంత పాతదో అందరికీ తెలిసిందే. క్రెడిట్ దానితోనూ వస్తుంది. ఉద్యోగమిచ్చే ఫార్మా కంపెనీ మాత్రం బ్యూరెట్, స్పెక్ట్రోఫోటోమీటర్ చేతికి అలవాటయ్యాయో లేదో చూస్తుంది. సాల్ట్ అనాలిసిస్‌ను తన చేతులతో తప్పొప్పులతో చేసిన విద్యార్థిని ఆ ఇంటర్వ్యూలో సులువుగానే గుర్తుపడతారు.

ప్రశ్న: మేము డాలస్‌లో ఉంటున్నాము. మా అబ్బాయి కెమిస్ట్రీ మేజర్‌తో చేరాడు. తరువాత మెడిసిన్‌కు వెళ్ళాలని ఆశ. బీఏ, బీఎస్ రెండింట్లో ఏది తీసుకోవాలి? ఆర్ట్స్ పట్టాతో డాక్టరు ఎలా అవుతాడని ఊళ్ళో బంధువులు అడుగుతున్నారు.
- ఒక తండ్రి

జవాబు: అమెరికాలో కెమిస్ట్రీలో బీఏ కూడా కెమిస్ట్రీ పట్టాయే. రెండింటికీ సాధారణంగా 120 సెమిస్టర్ క్రెడిట్ల దాకా కావాలి. తేడా అంతా పై స్థాయి కోర్సుల్లో ఉంటుంది. బీఎస్‌లో సాధారణంగా రెండు సెమిస్టర్ల ఫిజికల్ కెమిస్ట్రీ, దానికి ముందు కాలిక్యులస్, కాలిక్యులస్ ఆధారిత ఫిజిక్స్ తప్పవు. ఇవి ఒకదాని తరువాత ఒకటిగా చదవాల్సినవి కనుక, మొదటి ఏడాది కాలిక్యులస్ వాయిదా వేసిన విద్యార్థికి చివర్లో ఒక సెమిస్టరో, ఏడాదో ఆలస్యమవుతుంది. పీహెచ్‌డీకో, పరిశ్రమలో ఉద్యోగానికో వెళ్ళేవారికి బీఎస్ మేలు. అమెరికన్ కెమికల్ సొసైటీ ధ్రువీకరించిన పట్టా అయితే ఇంకా మంచిది.

మెడికల్ కాలేజీలు మేజర్ ఏమిటని పట్టించుకోవు. జనరల్, ఆర్గానిక్ కెమిస్ట్రీలు, బయాలజీ, ఫిజిక్స్, చాలాచోట్ల బయోకెమిస్ట్రీ కూడా చదివాడా, మార్కులు ఎలా ఉన్నాయి అని చూస్తాయి. అందువల్ల మీ అబ్బాయికి బీఏ సరిపోతుంది, జీవశాస్త్ర కోర్సులకు తీరికా మిగులుతుంది. ఒక్క జాగ్రత్త: హైస్కూల్లో ఏపీ (అడ్వాన్స్‌డ్ ప్లేస్‌మెంట్ - హైస్కూల్లోనే చదివే కాలేజీ స్థాయి కోర్సు) కెమిస్ట్రీలో మంచి స్కోరు వచ్చిందని విశ్వవిద్యాలయం జనరల్ కెమిస్ట్రీ నుంచి మినహాయింపు ఇచ్చినా, కొన్ని మెడికల్ కాలేజీలు ఆ మినహాయింపును ఒప్పుకోవు. దరఖాస్తు చేయదలచిన కాలేజీల నిబంధనలు చూసి, అవసరమైతే జనరల్ కెమిస్ట్రీ రెండు సెమిస్టర్లనూ విశ్వవిద్యాలయంలోనే చదివించండి.