మైకు పట్టుకోకముందు

అబ్బయ్యా,

రాత్రి మీ అమ్మ ఫోన్ చేసింది. యూత్ ఫెలోషిప్ డబ్బులో 18 వేలు బెట్టింగ్ యాప్‌లో పోగొట్టావంట. వచ్చే ఆదివారం ప్రభువు బల్లకి (రొట్టె, ద్రాక్షరసం తీసుకునే ముందు) సంఘమంతటి ఎదుట మైకు పట్టుకుని ఒప్పుకుంటానంటున్నావంట. మీ అమ్మకి పరువు గోల. నాకు ముందు కోపం వచ్చింది, కాసేపటికి ఛాతీ కొంచెం పొంగింది, తెల్లారేసరికి భయం పట్టుకుంది. ఫోన్లో అయితే తిట్టి పెట్టేస్తానని రాస్తున్నా.

ఆ యాప్ తీసెయ్యి. దేవుడి దగ్గర ఇప్పటికే మోకరించి ఉంటావు, అది నేను చెప్పక్కర్లేదు. పాస్టర్ గారికి ముందే చెప్పు, ఆరాధన మధ్యలో ఆయన ఉలిక్కిపడేలా చెయ్యొద్దు.

"రక్షణ పొందాక అన్నీ పోయాయిగా, మళ్లీ మళ్లీ ఒప్పుకోవడం ఎందుకు" అని కిందటి క్రిస్మస్‌కి నాతో వాదించింది నువ్వే. యోహాను మొదటి పత్రిక 1:9 విశ్వాసులకి రాసిందే. అందులో ఆయన "మీ పాపాలు" అనలేదు, "మన పాపాలు" అని తన్ను కూడా కలుపుకున్నాడు. తప్పు చేసిన కొడుకు కొడుకు కాకుండా పోడు, కానీ ఆ ఇంట్లో అన్నం మాత్రం సహించదు. అక్కడ 'ఒప్పుకోవడం' అన్న గ్రీకు మాటకి అసలు అర్థం 'అదే మాట అనడం'. దేవుడు దాన్ని ఏమంటాడో మనమూ అదే అనాలి. మీ అమ్మ "వాడుకున్నాడు" అంది. నువ్వు దొంగిలించావు, అబ్బయ్యా. ఇది రాస్తుంటే నాకే చెయ్యి ఆగింది. నేను చేసినదాన్ని నేనూ చాలాకాలం "సర్దుబాటు" అనే అన్నాను.

నీకు తెలియదులే. 1983లో కందుకూరు దగ్గర పొగాకు గ్రేడింగ్ షెడ్డులో హాజరు రాసేవాణ్ణి. నేనూ, కూలి పంచే గుమాస్తా కలిసి పదకొండు మంది ఆడకూలీలకి వారానికో పూట తగ్గించి రాసేవాళ్లం. ఒక్క సీజనే. మరుసటి వేసవిలో ఉజ్జీవ కూటాలు పెట్టారు. మూడో రాత్రి ఉండబట్టలేక స్టేజీ ఎక్కి ఏడ్చా. అంతా చెప్పా, గుమాస్తా పేరుతో సహా. పందిరంతా స్తోత్రం, హల్లెలూయ. ఆ కేకల మధ్య ఆడవాళ్ల వైపు చాప మీంచి అతని భార్య లేచింది. చంటిదాన్ని భుజాన వేసుకుని చెప్పులు వెతుక్కుంది. అవి దొరక్క చాలాసేపు వంగే ఉంది. అందరూ ఆమెనే చూశారు, పైనుంచి నేనూ చూశా. నెల తిరక్కుండా వాళ్లు ఊరొదిలేశారు. అతని పాపం అతను ఒప్పుకోవాల్సింది. ఆ అవకాశం కూడా నేనే తినేశా.

ఇంకా సిగ్గు ఏందంటే, ఆ రాత్రి హాయిగా నిద్రపోయా. రెండ్రోజులకి బోరింగు దగ్గర ఆ పదకొండు మందిలో ఒకామె బిందె కింద పెట్టి అడిగింది: "బాగా ఏడిచావంట గదయ్యా. మా కూలి సంగతేంది?" దేవుడికి చెప్పా, ఊరికి చెప్పా, ఎవరిది తిన్నానో వాళ్లకి మాత్రం చెప్పలేదు. డబ్బు కూడగట్టేసరికి నాలుగేళ్లయింది. అప్పటికి ఏడుగురే దొరికారు. ఒకామె లెక్కపెట్టి కొంగున ముడేసుకుని, "సర్లే, మజ్జిగ తాగి పో" అంది. ఆ మజ్జిగ గొంతు దిగలేదు.

సంఖ్యాకాండం 5:7 చదువు. ఒప్పుకోవడం, తిరిగివ్వడం, దాని మీద అయిదో వంతు కలపడం, మూడూ ఒకే వచనంలో ఉంటాయి. నీ లెక్క 21,600. ముందు అది ట్రెజరర్ గారి చేతిలో పెట్టు. తర్వాత సంఘానికి చెప్పదలిస్తే రెండు ముక్కలు చాలు. నీతో ఆడిన కుర్రాడి పేరు నీ నోట రాకూడదు. "నా ఫ్రెండ్ ఒకడు" అని కూడా అనొద్దు, ఎవరో కనిపెట్టడానికి మనవాళ్లకి అర నిమిషం చాలు.

ఆర్.సి.ఎం. (కాథలిక్) వాళ్లకి పాపసంకీర్తనం ఉంది, ఫాదర్ గారి దగ్గర పాపాలు ఒప్పుకుంటారు, ఫాదర్ గారు విన్నది బయటికి రాదు. మన బాప్టిస్టులకి ఆ ఏర్పాటు లేదు కాబట్టి నోరు ఎక్కడ తెరవాలో మనమే చూసుకోవాలి. యాకోబు 5:16లో "ఒకనితోనొకడు" అనే ఉంది, మైకు ఊసు లేదు.

1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారని గొప్పగా చెప్పుకుంటాం. అంతకుముందు కరువు రోజుల్లో మన బాప్టిస్టు మిషనరీ క్లౌ దొరగారు బాప్తిస్మాలు ఆపేసిన సంగతి మాత్రం ఎవరూ ఎత్తరు. బకింగ్‌హామ్ కాలవ పని కోసం, తిండి కోసం వస్తున్నారేమోనని ఆయన అనుమానం. నువ్వూ ఈ ఆదివారం ఆగు. నీ గుండె తేలికపడడం కోసం చేస్తున్నావో, వాళ్ల డబ్బు వాళ్లకి చేర్చడం కోసం చేస్తున్నావో చూసుకో.

శనివారం పొద్దున బస్సుకి వస్తున్నా. నాకోసం చేపల పులుసు పెట్టొద్దని అమ్మతో చెప్పు, ఈ మధ్య పడటం లేదు. నీ దగ్గర ఎంతుందో లెక్కేసి ఉంచు. తక్కువైంది నేను తెస్తా, నెలనెలా తీర్చుదువు. ట్రెజరర్ గారింటికి కలిసే పోదాం. లోపలికి నువ్వొక్కడివే పోవాలి. నేను గేటు దగ్గర నిలబడి ఉంటా.

మీ పెద్దనాన్న