తవుడు మీద పందుల్ని పెంచుతున్న మా అబ్బాయికి

నాన్నా,

కాళ్ల మీద, పొట్ట కింద చర్మం పొడిబారి పెచ్చులు కట్టిందని, అయినా పందులు గోడకేసి పెద్దగా రుద్దుకోవడం లేదని అన్నావు కదా, అందుకే నాకు గజ్జి కన్నా జింక్ లోపం మీదే అనుమానం. డాక్టరుగారి చేత చర్మం గీకించి పరీక్ష చేయించు. గజ్జి కాదని తేలితే ఇక చూడాల్సింది దాణానే.

పందులు కుంటుతున్నాయని కూడా అన్నావు కాబట్టి భాస్వరం సంగతీ చూడాలి. తవుడులో భాస్వరానికి కొదవ లేదు, మొక్కజొన్నలో, సోయా చెక్కలో కూడా ఉంటుంది. చిక్కల్లా ఏంటంటే, గింజల్లోని భాస్వరంలో సుమారు మూడింట రెండొంతులు ఫైటేట్ (గింజ భాస్వరాన్ని దాచుకునే పదార్థం) రూపంలో బిగుసుకుని ఉంటుంది, తవుడులో ఇంకా ఎక్కువ. దాన్ని విడగొట్టే ఫైటేజ్ ఎంజైమ్ పంది పేగుల్లో దాదాపు లేనట్టే. గేదె పొట్టలో సూక్ష్మజీవులు ఆ పని చేసిపెడతాయి, కాబట్టి పాడి రైతులు చెప్పే లెక్కలు నీకు పనికిరావు. పైగా ఫైటేట్ జింక్‌ని కూడా పట్టేసుకుంటుంది, కాల్షియం ఎక్కువైతే ఆ పట్టు ఇంకా బిగుస్తుంది! కుంటుతున్నాయని సున్నపురాయి పొడి గుప్పెళ్లతో వేస్తున్నావే, అది ఆపెయ్. కాల్షియం, మొత్తం భాస్వరం 1:1 నుంచి 1.25:1 మధ్య ఉంటే చాలు. డీసీపీ (డైకాల్షియం ఫాస్ఫేట్ పొడి) వేస్తే రెండూ అందుతాయి, అందులోని భాస్వరం ఒంటికి పడుతుంది కూడా.

ఫైటేజ్ పొడి కిలో దాణాకు 500 యూనిట్లు అందేలా కలుపు. హోటల్ మిగుళ్లు మరిగించడం మాత్రం మానకు, జబ్బుల భయం ఉంది, కానీ అవి చల్లారాకే ఫైటేజ్ పొడి కలపాలి, వేడికి ఎంజైమ్ చచ్చిపోతుంది. గోధుమ పొట్టులో సొంత ఫైటేజ్ ఉంటుంది, గోరువెచ్చని నీళ్లలో కొన్ని గంటలు నానబెట్టి పెడితే మంచిదే.

తవుడు కొనేటప్పుడు పిడికిట్లో నొక్కి చూడు. నూనె తీయని మంచి తవుడు ముద్దగా నిలుస్తుంది, ఊక కలిపింది విడిపోయి వేళ్లకు గరుకుగా తగులుతుంది. ఆ పీచు పిల్లలకు అసలు అరగదు. పెద్ద పందులు పెద్దపేగులో కొంత పులియబెట్టుకుంటాయి గానీ, ఖనిజాలు ఒంటికి పట్టేది ఎక్కువగా చిన్నపేగులోనే, ఆ తర్వాత విడుదలైన భాస్వరం పేడలోకే పోతుంది. అందుకే పాలు మరిచిన పిల్లల దాణాలో ముందు తవుడు తగ్గించి మొక్కజొన్న, సోయా పెంచు.

జింక్ సల్ఫేట్ మోతాదు డాక్టరుగారిని అడిగే వెయ్యి. జింక్ లోపమే అయితే రెండు మూడు వారాల్లో చర్మం తేటపడాలి. ఈలోగా దాణాలో ఏది ఎన్ని కిలోలు కలుపుతున్నావో రాసి పంపు, లెక్క నేను చూస్తాను.

మీ పెదనాన్న