‘మౌంటెన్స్ ఆఫ్ ది మూన్’ సినిమా కథానాయకుడు, బ్రిటిష్ అన్వేషకుడు రిచర్డ్ బర్టనే నైలు నది పుట్టుకను కనుగొన్నాడా?

లేదు, విక్టోరియా సరస్సును చేరి అదే నైలుకు మూలమని ప్రకటించినది అతని సహచరుడు జాన్ హానింగ్ స్పీక్. 1990లో బాబ్ రాఫెల్సన్ తీసిన ఈ చిత్రం అర్హతకు తగ్గ ఆదరణ పొందలేదు.

1858 ఫిబ్రవరిలో ఇద్దరూ టాంగన్యికా సరస్సును చేరారు. తిరుగు ప్రయాణంలో జబ్బుతో ఉన్న రిచర్డ్ బర్టన్ నేటి టాంజానియాలోని టబోరా వద్ద ఆగిపోగా, స్పీక్ ఉత్తరానికి వెళ్లి ఆగస్టు నాటికి విక్టోరియాను చూశాడు. అయితే సరస్సు అంచులను పరిశీలించకుండానే అతను నిర్ణయానికి రావడంతో, బర్టన్ దానిని అంగీకరించలేదు. న్యాయంగా చూస్తే ఆ అభ్యంతరంలో బలముంది. ఉదాహరణకు, 1862లో స్పీక్ రిపన్ జలపాతం వద్ద సరస్సు నుంచి నది వెలువడటం చూసినా, అక్కడి నుంచి దాని ప్రవాహం వెంట పూర్తిగా నడవలేదు కాబట్టి వివాదం తీరలేదు. 1864 సెప్టెంబరు 16న ఇంగ్లండ్‌లోని బాత్ నగరంలో ఇద్దరూ ఈ వివాదంపై చర్చలో ఎదురుపడవలసి ఉండగా, ముందురోజే స్పీక్ తన తుపాకీ పేలి మరణించాడు. దీనిని ఆత్మహత్యగా చాలామంది చెప్పుకున్నా, విచారణలో ప్రమాదమనే తేల్చారు. 1875లో మరో అన్వేషకుడు హెన్రీ స్టాన్లీ సరస్సును చుట్టివచ్చాక స్పీక్ మాటే నిలిచింది.

బర్టన్ సైనికోద్యోగిగా హైదరాబాద్‌లో ఉన్నాడని చదివి మన నగరమే అనుకునేవారు కూడా ఉన్నారు. అది సింధ్‌లోని హైదరాబాద్.