వారం తిరగ్గానే ‘తీసుకెళ్లిపో’ అంటారు

ప్రశ్న: మావారికి 41 ఏళ్లు. పొద్దున్నే చుక్క పడకపోతే చేతులు వణుకుతాయి. డీఅడిక్షన్ సెంటర్‌లో నెల ఉండటానికి ఒప్పుకున్నారు. లోపల ఏం చేస్తారు? కట్టేసి కొడతారని అందరూ భయపెడుతున్నారు.
- ఓ సోదరి, గుంటూరు జిల్లా

జవాబు: అమ్మా, చేరేదాకా ఇంట్లో ఉన్నపళంగా మాన్పించకండి. వణుకు ఉందంటే ఒళ్లు మందుకు అలవాటుపడిపోయింది. ఆపిన ఆరేడు గంటలకే చెమటలు, వాంతులు మొదలవుతాయి. మొదటి 48 గంటల్లో ఫిట్స్ రావచ్చు. రెండు నుంచి నాలుగు రోజుల మధ్య కొందరికి మతి తప్పుతుంది. దుప్పటి మీద లేని పురుగుల్ని దులుపుతుంటారు. ఇది ప్రాణాంతకం. అందుకే రాత్రిపూట కూడా డాక్టరు, నర్సు ఉన్నచోటే చేర్చాలి.

చేరగానే లివర్, షుగర్, బీపీ చూస్తారు. బి1 విటమిన్ ఇంజెక్షన్ ఇస్తారు. నీరసంగా ఉన్నారని ఊళ్లో ఉత్త గ్లూకోజ్ సెలైన్ పెట్టించకండి, బి1 లోపించిన మెదడుకు అది చేటు. వణుకు తగ్గించే మాత్రలు మొదట ఎక్కువిచ్చి, వారం పది రోజుల్లో తగ్గిస్తూ ఆపేస్తారు. ఆ మొదటి రోజుల్లో మగతగా పడుకుంటే ‘ఏదో ఇచ్చి పడేశారు’ అని కంగారుపడకండి.

వారం దాటాక ఆకలి పుడుతుంది, ముఖం తేటపడుతుంది. అప్పుడు ఫోన్ వస్తుంది: ‘మారిపోయాను, పిల్లల మీద ఒట్టు, తీసుకెళ్లు.’ చాలామంది ఇక్కడే కరిగిపోతారు. నిజానికి అప్పటికి అయింది ఒంటికి వైద్యమే. జీతం అందిన సాయంత్రం, ఇంట్లో మాటామాటా పెరిగిన రాత్రి, పాత స్నేహితుడు ఎదురుపడ్డప్పుడు ఏం చేయాలో నేర్పే కౌన్సెలింగ్ ఆ తర్వాతే గట్టిగా సాగుతుంది. తనంతట తాను చేరిన మనిషి వెళ్తానని పట్టుబడితే సెంటర్ వాళ్లు ఎక్కువసేపు ఆపలేరు, కాబట్టి మీ మాటే ముఖ్యం. కుటుంబాన్ని పిలిచిన రోజున తప్పక వెళ్లండి.

కొట్టడం, గొలుసులతో కట్టడం 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఒప్పుకోదు. రాష్ట్ర మెంటల్ హెల్త్ అథారిటీ రిజిస్ట్రేషన్ చూపించమనండి. మిమ్మల్ని అసలు చూడనివ్వం అంటే అక్కడ చేర్చకండి. దగ్గర్లోని కేంద్రం వివరాలకు 14446కు ఫోన్ చేయొచ్చు, ఖర్చు ఉండదు.

ఇంకొక్క మాట. అన్నంలో తెలియకుండా కలపమని ఎవరైనా పొడి ఇస్తే ససేమిరా వద్దనండి. అందులో డైసల్ఫిరామ్ (తాగుడు మాన్పించడానికి వాడే, మద్యంతో కలిస్తే ఒంటికి పడని మందు) ఉంటే, అది తెలియక ఆయన మద్యం తాగితే, బీపీ పడిపోయి గుండె మీదికి వస్తుంది. డాక్టరు రాసి, ఆయన ఒప్పుకుని మింగితేనే అది మందు. ఇంటికొచ్చే రోజునే తర్వాతి అపాయింట్‌మెంట్ తేదీ రాయించుకోండి.